మాయాసౌధాలు – మరుగుపడిన చేతులు

మధిర సుబ్బన్న దీక్షితులుగారి కాశీమజిలీ కథలను ఎరుగని తెలుగు పాఠకులు అరుదు. కాశీయాత్రకు బయలుదేరిన మణిసిద్ధుడు, అతనికి తోడుగా వచ్చిన గొల్లపిల్లవాడు మజిలీ మజిలీకీ ఆగుతూ ఉంటారు. పిల్లవాడు చుట్టుపక్కల తిరిగి ఏదో ఒక వింతను చూసి వస్తాడు. దాని కథ చెప్పితేనే ముందుకు కదులుతానని పట్టుబడతాడు. మణిసిద్ధుడు తన మణి మహిమచేత ఆ వింత వెనుక వృత్తాంతాన్ని గ్రహించి చెబుతాడు. ఉర్దూ దాస్తానులలో ఇటువంటిదే తిలిస్ము అనే కల్పన ఉన్నది. తిలిస్ము అంటే మాంత్రికుడు నిర్మించిన మాయాలోకం. దాని రహస్యం ఒక పలకపై లిఖితమై ఉంటుంది. ఆ పలకను సంపాదించిన వీరునికి మాత్రమే ఆ మాయ విడిపోతుంది. మన కళాశాలలో చదువుకునే రెండు భాషల సాహిత్యాలూ మానవ స్వభావాన్ని ఒకే తీరుగా గుర్తించాయి. వింత కనిపించిన చోట మనిషికి కథ కావాలి.

ఆధునిక యుగంలో ఈ తిలిస్ములను ఇటుకలతో, కర్రతో, ప్లాస్టర్ ఆఫ్ పారిస్‌తో కడుతున్నారు. వాటిని థీమ్ పార్కులంటున్నాము. అక్కడికి వెళ్ళినవారు కోటలను, గుహలను, భూతగృహాలను చూసి ఆనందిస్తారు. కొందరి కన్ను మాత్రం ఒక మూలనున్న చిన్న గుర్తు మీద, అర్థంకాని తలుపు మీద, నేలలోని లోహపు ముక్క మీద నిలుస్తుంది. “ఇది ఇక్కడెందుకున్నది?” అనే ప్రశ్న పుడుతుంది. సమాధానం చెప్పేవారు దగ్గర లేకపోతే ఐతిహ్యం పుడుతుంది. ఆ ఐతిహ్యాలు ఎలా పుడతాయో, వాటి వెనుకనున్న వాస్తవమేమిటో విద్యార్థి మిత్రులకు వివరించడమే ఈ వ్యాసం ఉద్దేశం. చలనచిత్ర పరిశ్రమలోని శ్రామికులకు నివాసస్థానమైన కృష్ణానగర్ పరిసరాలలో ఉండే మనకు ఈ విషయం దూరమైనది కాదు.

మొదట ఈ కట్టడాలలోని కిటుకును తెలుసుకుందాము. అమెరికాలోని కాలిఫోర్నియా రాష్ట్రంలో 1955 జూలై 17న డిస్నీలాండ్ ప్రారంభమైనది. అందులోని రాకుమారి కోట ఎత్తు కేవలం 77 అడుగులు. అయినా చూపరికి అది ఆకాశాన్నంటుతున్నట్లు కనిపిస్తుంది. కారణమేమంటే, కోట అడుగుభాగంలోని రాళ్ళు పెద్దవి, పైకి పోయేకొద్దీ చిన్నవి. దూరంగా ఉన్న వస్తువు చిన్నదిగా కనిపిస్తుందన్న అలవాటు మన కంటికి ఉన్నది. కనుక పైనున్న చిన్న రాళ్ళను చూచి, అవి చాలా ఎత్తున ఉన్నాయని కన్ను భ్రమపడుతుంది. ఈ విద్య మనవారికి కొత్తది కాదు. 1957లో విడుదలైన ‘మాయాబజార్’ చిత్రంలోని ద్వారకానగరం కోసం 50 అడుగుల పొడవు, 60 అడుగుల వెడల్పు గల స్థలంలో సుమారు 300 బొమ్మ ఇళ్ళను నిర్మించారు. మార్కస్ బార్ట్లే ఛాయాగ్రహణంలో ఆ బొమ్మలకొలువు మహానగరమైనది.

భూతగృహాలలో కనిపించే దయ్యాల వెనుక ఇంకొక కిటుకున్నది. 1862లో లండన్ నగరంలోని రాయల్ పాలిటెక్నిక్ సంస్థలో జాన్ హెన్రీ పెప్పర్ అనే అధ్యాపకుడు దానిని ప్రజల ముందు ప్రదర్శించాడు. మూల ఆలోచన హెన్రీ డర్క్స్ అనే ఇంజనీరుది. ప్రేక్షకులకు, వేదికకు మధ్య పెద్ద గాజుపలకను ఏటవాలుగా నిలుపుతారు. ప్రేక్షకులకు కనబడని చోట ఒక నటుడు నిలబడతాడు. అతని మీద ప్రకాశవంతమైన దీపం పడగానే అతని ప్రతిబింబం గాజులో ఏర్పడి, వేదికపై పారదర్శకమైన ఆకారం తిరుగుతున్నట్లు తోస్తుంది. రాత్రివేళ వెలుగుతున్న గదిలో కిటికీ అద్దం దగ్గర నిలబడి బయటకు చూడండి. చీకటిలో, మీ ఇంటి బయట, మీరే నిలబడి కనిపిస్తారు. సూత్రం ఇంతే. 1969లో డిస్నీలాండ్‌లో తెరచిన భూతగృహంలో విందు చేసుకునే దయ్యాలు కూడా ఈ గాజు బిడ్డలే.

ఇవన్నీ రూపకర్తలు తెలిసి చేసిన మాయలు. రూపకర్తలు తలపెట్టని చోట ప్రజలు కల్పించుకొన్న కథలు ఇంకా రసవత్తరమైనవి. ఫ్లోరిడా రాష్ట్రంలోని డిస్నీ వినోదవనంలో కూడా ఒక భూతగృహం ఉన్నది. దాని బయట నడకదారి నేలలో చాలాకాలం ఒక గుండ్రని లోహపు అంచు మెరుస్తూ కనిపించేది. లోపలి కథలో ఒక పెళ్ళికూతురి భూతం ఉన్నది గనుక, ఆమె మేడ మీది నుండి విసిరివేసిన పెళ్ళి ఉంగరమే అదని సందర్శకులు చెప్పుకున్నారు. వాస్తవానికి అది ఒకప్పుడు అక్కడ పాతిన ఇనుప గొట్టాన్ని కోసివేయగా నేలలో మిగిలిన మొదలు. తరువాత మరమ్మతులలో అది పోయినది. సందర్శకులు ఉంగరం కోసం వెదకడం మానలేదు. చివరకు 2011లో ప్రవేశమార్గాన్ని పునర్నిర్మించినప్పుడు రూపకర్తలు నిజంగానే ఒక ఉంగరాన్ని నేలలో పొదిగారు. కథకు వస్తువు పుట్టడమంటే ఇదే.

1959లో డిస్నీలాండ్‌లో కట్టిన మాటర్‌హార్న్ అనే కృత్రిమ పర్వతం లోపల, పైభాగాన, ఒక బాస్కెట్‌బాల్ బుట్ట ఉన్నది. ఆ ఊరిలో క్రీడాభవనాలను తప్ప మరి దేనినీ అంత ఎత్తుగా కట్టరాదన్న నిబంధన ఉండేదనీ, దానిని తప్పించుకోవడానికే బుట్టను బిగించారనీ ఒక కథ ప్రపంచమంతటా వ్యాపించినది. ఆ కథ నిజం కాదు. పర్వతం లోపల ఖాళీ స్థలమున్నది. అక్కడ పనిచేసేవారు విరామ సమయంలో కాలక్షేపానికి దానిని అమర్చుకున్నారు. అలసిన శ్రామికుని ఆటవిడుపు జనుల నోట చట్టాన్ని మోసగించిన యుక్తిగా మారినది. ఈ ఉదాహరణను పాఠకులు జ్ఞాపకముంచుకోవలెను. దీనితో మాకు మరల పని ఉన్నది.

ఇక మన నగరానికి వద్దాము. టిక్కెట్టు కొని ఆశ్చర్యపడడానికి వెళ్ళే ప్రదేశాలలో మనకు మొదట తోచేది గోల్కొండ. అక్కడ లోపలి ద్వారపు గుమ్మటం క్రింద చప్పట్లు చరిస్తే, దాదాపు కిలోమీటరు దూరాన కొండ శిఖరంపైనున్న బాలాహిస్సార్ మంటపంలో వినిపిస్తాయి. గుమ్మటపు వంపు శబ్దాన్ని చెదరనీయక ఒకచోటికి చేర్చి పైకి మళ్ళిస్తుంది. ఇది పరీక్షించి చూడదగిన వాస్తవం. గోల్కొండ నుండి చార్మినార్ వరకు రహస్య సొరంగమున్నదన్నది మాత్రం ఐతిహ్యం. ఈ రెండింటి మధ్య దూరం సుమారు 8 కిలోమీటర్లు. నేల గట్టి నల్లరాయి. మధ్యలో మూసీనది. అన్నిటినీ మించి చరిత్ర సాక్ష్యమున్నది. 1687లో ఔరంగజేబు సైన్యం ఎనిమిది మాసాల ముట్టడి తరువాత కోటలో ప్రవేశించినప్పుడు అబుల్ హసన్ తానీషా తన కోటలోనే పట్టుబడ్డాడు. తరువాత దౌలతాబాదు కోటలో బందీగానే మరణించాడు. తప్పించుకొనే దారి ఉన్న రాజు దానిని ఉపయోగించుకోకుండా ఉంటాడా?

1591లో నిర్మితమైన చార్మినార్ కమాను గచ్చుపనిలో చిన్న పిల్లి తల ఒకటి ఉన్నది. నగరాన్ని పీడించిన మహమ్మారికి ఎలుకలు కారణం గనుక, వాటిని బెదిరించడానికి పిల్లిని చెక్కారని చెబుతారు. ఎలుకల ఒంటి మీది గోమారుల ద్వారా ప్లేగు మనుషులకు సోకుతుందని పాల్ లూయీ సిమాండ్ అనే ఫ్రెంచి వైద్యుడు వెల్లడించినది 1898లో. ఎలుకలు చచ్చిపడితే రోగం రాబోతున్నదని అంతకు ముందే ప్రజలు గమనించి ఉండవచ్చు. అయినా ఇంత చక్కగా అమరిన కారణం తరువాతి తరాలవారి కల్పన కావడానికే అవకాశం ఎక్కువ. గచ్చు ఆరకముందే ఒక పనివాడు తన ముచ్చట తీర్చుకొన్నాడని అనుకోవడానికీ అడ్డు లేదు.

నేటి మాయాలోకాలలో మనకు అన్నిటికన్నా దగ్గరిది రామోజీ ఫిల్మ్ సిటీ. చెరుకూరి రామోజీరావుగారు 1996లో హైదరాబాదు శివార్లలో దీనిని స్థాపించారు. 1,666 ఎకరాల విస్తీర్ణంతో ప్రపంచంలోకెల్లా పెద్ద చలనచిత్ర నిర్మాణ ప్రాంగణంగా గిన్నిస్ గ్రంథంలో స్థానం పొందినది. దాని రూపకర్త నీతీష్ రాయ్ అనే కళాదర్శకుడు. అక్కడ ఒకే కట్టడానికి ఒకవైపు ఒక ముఖం, మరొకవైపు వేరొక ముఖం ఉంటాయి. ముందు నుండి విమానాశ్రయమైనది పక్కకు తిరిగేసరికి ఆసుపత్రి అవుతుంది. గుడి ఉంటుంది, గర్భగుడిలో మూలవిరాట్టు ఉండదు. దేవుడు లేని గుడి ఏమిటని కొత్తవారు విస్తుపోతారు. ఒక చిత్రానికి రామాలయం కావాలి, మరొక చిత్రానికి అమ్మవారి కోవెల కావాలి. అవసరమైన విగ్రహాన్ని అవసరమైనప్పుడు ప్రతిష్ఠించుకోవడానికే పీఠం ఖాళీగా ఉన్నది. రహస్యమంతా పొదుపులో ఉన్నది.

ఆ నేలను గురించి ఒక వదంతి కూడా దేశమంతా తిరిగినది. అది పూర్వం నిజాం సుల్తానుల యుద్ధభూమి అనీ, మృతసైనికుల ఆత్మలు అక్కడ సంచరిస్తూ దీపాలను ఆర్పుతూ ఉంటాయనీ అంటారు. చరిత్ర విద్యార్థులు ఆ మాటలోనే దోషం పట్టగలరు. సుల్తానులు కుతుబ్‌షాహీ వంశీయులు. వారి పాలన 1687లో ముగిసినది. నిజాములు ఆసఫ్‌జాహీ వంశీయులు. వారి పాలన 1724లో మొదలైనది. ఇద్దరినీ ఒకే మాటలో కలిపివేసిన కథకు ఏ యుద్ధమో, ఏ సంవత్సరమో చెప్పవలసిన బాధ్యత లేకుండా పోయినది. ఊరూ పేరూ తేదీ లేని కథ ఎక్కడైనా వాలగలదు.

ఈ ఉదాహరణలన్నింటిని పరిశీలించగా మాకొక సత్యం గోచరించినది. గొట్టాన్ని కోసినవాని పేరు తెలియక పెళ్ళికూతురు వచ్చినది. పర్వతంలోని పనివారిని తలచుకోక చట్టం వచ్చినది. గచ్చు పూసిన చేయి ఎవరిదో తెలియక మహమ్మారి వచ్చినది. పనివాని పేరు మరుగుపడిన చోటనే దయ్యమో, రాణియో, రహస్య సొరంగమో వచ్చి కూర్చుంటున్నది. చార్మినార్ రూపకల్పనకు సంబంధించి మీర్ మోమిన్ పేరు చెబుతారు. రామోజీ ఫిల్మ్ సిటీకి నీతీష్ రాయ్ పేరు ఉన్నది. 2015లోను, 2017లోను విడుదలైన ‘బాహుబలి’ చిత్రాల కోసం అక్కడ వెలసిన మాహిష్మతికి సాబు సిరిల్ పేరు ఉన్నది. ఆ స్తంభాలకు అచ్చులు పోసినవారు, ప్లైవుడ్డు మీద రాతిరంగు పులిమినవారు, వెనుక కర్రల ఊతలు బిగించినవారు ఎవరు?

వారిలో ఎందరో కృష్ణానగర్ వీధులలోనే నివసించారు, నివసిస్తున్నారు. అమీర్‌పేటలో 1950లలో సారథీ స్టూడియో వెలసిన నాటి నుండి ఈ ప్రాంతానికి చలనచిత్రంతో సంబంధమేర్పడినది. వడ్రంగులు, రంగులు వేసేవారు, అచ్చుపనివారు, దీపాలు మోసేవారు తెల్లవారకముందే ఇక్కడి నుండి పనికి బయలుదేరుతారు. వారు కట్టినది చిత్రీకరణ పూర్తికాగానే కూలిపోతుంది. దేవాలయం కట్టిన శిల్పికి దేవాలయమైనా సాక్ష్యంగా మిగులుతుంది. సెట్టింగు కట్టిన కారీగరుకు అదీ మిగలదు. ఇప్పుడు కోటలను, సభామంటపాలను కంప్యూటరు తెరపైనే గీస్తున్నారు. పాత అచ్చుపనివారి చేతి పని వారితోనే ముగిసిపోయే ప్రమాదమున్నది. వారి జ్ఞాపకాలు పోయిన తరువాత మిగిలిన కట్టడాలను గురించి దయ్యాల కథలు మాత్రమే చెప్పుకోవలసివస్తుంది.

ఐతిహ్యాలను నిరసించవలెనని మా అభిప్రాయం కాదు. సామాన్యులు ఒక వస్తువును శ్రద్ధగా చూచినారనడానికి ఐతిహ్యమే నిదర్శనం. ఎవరూ చూడని గోడకు కథ ఉండదు. అయితే కథ విన్నప్పుడు మూడు ప్రశ్నలు వేసుకోవడం విద్యావంతుని లక్షణం. ఈ కథలోని సంగతులు దాని కాలానికి సరిపోతున్నవా? ఈ వస్తువు వలన కట్టినవారికి ఏ ప్రయోజనం ఉండి ఉంటుంది? దానిని చేసినవారినో, చేయడం చూచినవారినో అడగగలమా? గోల్కొండ విషయంలో మూడవ ప్రశ్నకు అవకాశం ఎన్నడో దాటిపోయినది. కృష్ణానగర్ విషయంలో ఇంకా దాటిపోలేదు.

కనుక విద్యార్థులకు మా మనవి ఇది. మీ వీధిలోనో, మీ ఇంటిలోనో సెట్టింగు పని చేసిన పెద్దలు ఉంటే వారి వద్ద కూర్చోండి. ఏ చిత్రానికి ఏమి కట్టారు, దేనితో కట్టారు, ఎన్ని దినాలు పట్టినది, ఏ లోపాన్ని ఎలా కప్పిపుచ్చారు, తమ గుర్తుగా ఎక్కడేమి దాచారు అని అడిగి వ్రాసుకోండి. ఉర్దూలో చెప్పినది ఉర్దూలో, తెలుగులో చెప్పినది తెలుగులో యథాతథంగా వ్రాయండి. కళాశాల కమిటీవారు గ్రంథాలయంలో ఇందుకొక పుస్తకాన్ని తెరిపించి, ప్రతి సంవత్సరం ఈ సంచికలో రెండు మూడు పుటలు కేటాయించవలెనని విన్నవించుకుంటున్నాము. అందుకు పెద్ద ధనం అవసరం లేదు. ఒక నోటుపుస్తకం, ఒక కలం, వినే ఓపిక ఉంటే చాలు. మణిసిద్ధునికి కథ తెలుసుకోవడానికి మణి కావలసివచ్చినది. మనకు పక్కింటి తలుపు తడితే చాలును.