దించుకున్న సినిమా, తెరుచుకోని ఫైలు

ఓటీటీ యాప్‌లో ఒక సినిమా దించుకుంటే ఫోన్ స్టోరేజీలో ఒక జీబీ దాకా తగ్గిపోతుంది. సినిమా లోపలికి వచ్చిందన్నమాటే. అయినా ఫైల్ మేనేజర్‌లో ఎంత వెతికినా ఆ వీడియో కనబడదు. యాప్ దాచుకున్న ముక్కల్ని ఎలాగో పట్టుకుని ఇంకో ఫోన్‌లోకి పంపినా అక్కడ ఆడదు. స్క్రీన్ రికార్డింగ్ పెడితే బొమ్మ ఉండాల్సిన చోట నల్లటి తెర వస్తుంది. చందా ఆగిన కొన్నాళ్లకు, దించుకున్న సినిమా కూడా ఆగిపోతుంది. ఇవి యాప్‌లో లోపాలని చాలామంది అనుకుంటారు. నిజానికి అన్నీ కావాలని పెట్టినవే. ఈ ఏర్పాటును డిజిటల్ రైట్స్ మేనేజ్‌మెంట్ అంటారు, పొట్టిగా డీఆర్‌ఎం.

దీనికి పునాది ఎన్‌క్రిప్షన్. సినిమా మన దాకా రాకముందే దాన్ని ఏఈఎస్ అనే పద్ధతిలో, 128 బిట్ల కీతో తాళం వేస్తారు. కీ అంటే ఒక పెద్ద సంఖ్య. దాన్ని ఊహించి పట్టుకుందామంటే ప్రయత్నించాల్సిన సంఖ్యలు ఎన్నో చెప్పడానికే 39 అంకెలు రాయాలి. కాబట్టి ఫైలును ఎవరు ఎన్ని కాపీలు తీసుకున్నా కంపెనీకి బెంగ లేదు, కీ లేకపోతే అది అర్థంకాని అంకెల గుట్ట. కట్టుదిట్టమంతా కీ చుట్టూనే ఉంటుంది.

మనం డౌన్‌లోడ్ నొక్కినప్పుడు ఒకపక్క ఫైలు దిగుతుంటే, మరోపక్క ఫోన్ లైసెన్స్ సర్వర్‌తో మాట్లాడుతుంది. ఫోన్ తయారయ్యేటప్పుడే దాని లోపల ఒక రహస్య గుర్తింపు పెట్టి ఉంచుతారు. సర్వర్ ఆ గుర్తింపును సరిచూసుకుని, ఆ ఒక్క ఫోన్ మాత్రమే విప్పగలిగేలా కీని పంపిస్తుంది. దానితోపాటు షరతులూ వస్తాయి: ఎన్నాళ్లు చూడవచ్చు, ఎంత నాణ్యతతో చూడవచ్చు, టీవీకి కలిపితే ఆడాలా వద్దా. కీ, షరతులు కలిస్తే లైసెన్స్. ఫైలును వేరే ఫోన్‌కు పంపినా ఆడకపోవడానికి కారణం ఇదే, లైసెన్స్ మొదటి ఫోన్‌తోనే ముడిపడి ఉంది. ఆండ్రాయిడ్ ఫోన్లలో ఈ పని చేసేది గూగుల్ వారి వైడ్‌వైన్ (2010లో ఆ కంపెనీని గూగుల్ కొనుక్కుంది), ఐఫోన్లలో ఆపిల్ వారి ఫెయిర్‌ప్లే. మైక్రోసాఫ్ట్‌కు ప్లేరెడీ ఉంది.

ఇప్పుడు అసలు చిక్కు. సినిమా చూపించాలంటే ఫోన్ ఎప్పుడో ఒకప్పుడు తాళం తీయాలి కదా. ఆ క్షణంలో ఎవరైనా తొంగిచూస్తే? అందుకే నేటి మొబైల్ ప్రాసెసర్లలో ఆండ్రాయిడ్‌కు కూడా ప్రవేశం లేని ఒక చోటు కేటాయిస్తారు. ట్రస్టెడ్ ఎగ్జిక్యూషన్ ఎన్విరాన్‌మెంట్ అని దాని పేరు. తాళం అక్కడే తెరుచుకుంటుంది, బొమ్మలూ అక్కడే తయారై, మిగతా సాఫ్ట్‌వేర్‌కు చిక్కకుండా నేరుగా తెర మీదికి వెళ్తాయి. స్క్రీన్ రికార్డర్‌కు నలుపు తప్ప ఏమీ దొరకనిది అందుకే. వైడ్‌వైన్‌లో ఈ స్థాయిని ఎల్1 అంటారు. పనంతా మామూలు సాఫ్ట్‌వేర్‌లోనే జరిగిపోతే అది ఎల్3. ఎల్3 రక్షణను ఛేదించానని 2019 జనవరిలో ఒక బ్రిటిష్ భద్రతా పరిశోధకుడు ప్రకటించాడు. అంతకుముందు నుంచే పెద్ద ఓటీటీలు ఎల్3 ఫోన్లకు హెచ్‌డీ ఇవ్వడం లేదు, మామూలు నాణ్యతతో సరిపెడుతున్నాయి. తెర ఎంత బాగున్నా ఫోన్‌లో ఎల్1 లేకపోతే బొమ్మ మసకే. 2017లో వచ్చిన వన్‌ప్లస్ 5, 5టీ ఫోన్ల విషయంలో ఇదే జరిగింది. ఎల్1 లేకుండా అమ్మేశారు, తర్వాత అది కావాలన్నవాళ్లు ఫోన్‌ను కంపెనీకి పంపించాల్సి వచ్చింది. కొత్త ఫోన్ కొనేటప్పుడు కెమెరా గురించి అడిగినట్టే దీని గురించీ అడగాలి.

ఇక గడువులు. నెట్ లేని ఫోన్‌కు మన చందా నడుస్తోందో లేదో తెలిసే దారి లేదు. అందుకని లైసెన్స్‌లోనే తేదీ రాసి పంపిస్తారు. స్పాటిఫైలో దించుకున్న పాటలు నిలవాలంటే 30 రోజులకోసారైనా నెట్‌కు కలపాలి. ప్రైమ్ వీడియోలో అద్దెకు తీసుకున్న సినిమాను సాధారణంగా 30 రోజుల్లో మొదలుపెట్టి, మొదలుపెట్టాక 48 గంటల్లో ముగించాలి. నెట్‌ఫ్లిక్స్‌లోనూ కొన్ని చిత్రాలకు ఇలాంటి 48 గంటల లెక్క ఉంది. ఫోన్ గడియారాన్ని వెనక్కి తిప్పితే సరిపోతుందేమో అనుకోవద్దు, దాన్ని కనిపెట్టే ఏర్పాటూ ఉంటుంది. సినిమా హక్కులను దేశాలవారీగా అమ్ముతారు కాబట్టి, అమెరికాలో పిల్లల దగ్గరికి వెళ్లే తల్లిదండ్రులు ఇక్కడ దించుకున్న సినిమాల్లో కొన్ని అక్కడ తెరుచుకోకపోవచ్చు. ప్రయాణానికి ముందురోజు నెట్ ఉండగానే యాప్ తెరిచి, ప్రతి డౌన్‌లోడ్ కింద గడువు చూసుకోవడం మంచిది.

చందాకూ అద్దెకూ ఈ తాళాలు ఉండటంలో నాకు అన్యాయమేమీ కనబడదు. నెలకు కొంత కట్టి వేల సినిమాలు చూస్తున్నప్పుడు, అవి మన దగ్గరే ఉండిపోవాలనడం సరికాదు. సినిమా తీసినవాళ్లకు డబ్బు తిరిగి రావాలి. నా అభ్యంతరం అమ్మకం గురించి. పూర్తి ధర తీసుకుని, కొన్నవాడికి చెప్పకుండా, వస్తువు మీద అధికారాన్ని అమ్మినవాడే ఉంచుకోవడం గురించి.

ఇది ఊహించి చెబుతున్న భయం కాదు. 2009 జూలైలో అమెజాన్, తన ఈ-పుస్తక పరికరం కిండిల్‌లో పాఠకులు డబ్బిచ్చి కొన్న జార్జ్ ఆర్వెల్ నవలల్ని వాళ్ల పరికరాల్లోంచి దూరం నుంచే తీసేసింది. హక్కులు లేని సంస్థ ఒకటి వాటిని అమ్మకానికి పెట్టిందట. డబ్బు వాపసు ఇచ్చారు, తర్వాత క్షమాపణ చెప్పారు. 2019 ఏప్రిల్‌లో మైక్రోసాఫ్ట్ తన ఈ-పుస్తకాల దుకాణమే మూసేసింది. జూలైలో లైసెన్స్ సర్వర్ ఆగడంతో కొన్న పుస్తకాలన్నీ తెరుచుకోకుండా పోయాయి. అక్కడా డబ్బు తిరిగొచ్చింది. కానీ పుస్తకం పోయినవాడికి డబ్బు తిరిగిరావడం ఒక్కటే చాలదు.

చూపులేని పాఠకుల కష్టం ఇంకా పెద్దది. 2009లో కిండిల్ 2 పుస్తకాన్ని పైకి చదివి వినిపించే సౌకర్యంతో వచ్చింది. అమెరికా రచయితల సంఘం అభ్యంతరం చెప్పడంతో, ఏ పుస్తకానికి ఆ సౌకర్యం ఆపాలో ప్రచురణకర్తలే నిర్ణయించుకునేలా మార్చారు. కాపీని ఆపడానికి పుట్టిన తాళం చదువునే ఆపింది.

ఈ విషయంలో మన చట్టం కొంత మెరుగు. 2012లో కాపీరైట్ చట్టానికి చేర్చిన 65ఎ సెక్షన్ ప్రకారం, హక్కులను ఉల్లంఘించాలన్న ఉద్దేశంతో ఇలాంటి రక్షణను ఛేదిస్తే రెండేళ్ల దాకా జైలు, జరిమానా. ఆ ఉద్దేశం అన్న షరతే ముఖ్యం. చట్టం నిషేధించని పని కోసమైతే ఈ సెక్షన్ అడ్డురాదు. అమెరికా 1998 చట్టంలో ఇంత వెసులుబాటు లేదు, అక్కడ మూడేళ్లకోసారి మినహాయింపులు అడిగి తెచ్చుకోవాలి. అదే 2012 సవరణ, వికలాంగులు చదవగలిగే రూపంలోకి పుస్తకాన్ని మార్చుకునే వీలునూ ఇచ్చింది. అయితే చట్టం అనుమతించినంత మాత్రాన తాళం దానంతట అది ఊడదు. పుస్తకం తెరిచి ఇచ్చే బాధ్యత ప్రచురణకర్త మీద కూడా ఉండాలి.

అమ్మినవాటికి తాళం తప్పనిసరా? పాటల చరిత్ర కాదనే చెబుతోంది. రికార్డు కంపెనీలు 2006లో ఏ తాళమూ లేని సీడీల మీద 2000 కోట్లకు పైగా పాటలు అమ్మాయని, తాళం వేసి ఆన్‌లైన్‌లో అమ్మినవి 200 కోట్ల లోపేనని ఆపిల్ అధిపతి స్టీవ్ జాబ్స్ 2007 ఫిబ్రవరిలో ఒక బహిరంగ లేఖలో రాశాడు. రెండేళ్లలో ఆపిల్ దుకాణం ఐట్యూన్స్‌లోని పాటలకు తాళాలు పోయాయి. పాటల అమ్మకం ఆగలేదు.

కాలిఫోర్నియా 2025 నుంచి అమల్లోకి తెచ్చిన చట్టం ప్రకారం, డిజిటల్ వస్తువును ‘కొనండి’ అని అమ్మేవాళ్లు, అది లైసెన్స్ మాత్రమేనని ముందే స్పష్టంగా చెప్పాలి. ఆఫ్‌లైన్‌లో శాశ్వతంగా ఉంచుకునేలా ఇచ్చేవాళ్లకు ఆ నిబంధన వర్తించదు. అలాంటిది మనకూ కావాలి. ధర పక్కనే, తెలుగులో, ఈ ఫైలు ఎన్ని పరికరాల్లో తెరుచుకుంటుందో, దుకాణం మూతపడితే ఏమవుతుందో రాసి ఉండాలి. తాళం లేకుండా అమ్మితే నష్టమేమో అని భయపడే తెలుగు ప్రచురణకర్తలు టోర్ బుక్స్ అనుభవాన్ని చూడవచ్చు. సైన్స్ ఫిక్షన్ ప్రచురించే ఆ సంస్థ 2012లో తన ఈ-పుస్తకాలన్నిటికీ డీఆర్‌ఎం తీసేసింది. చెప్పుకోదగ్గంతగా పైరసీ పెరగలేదని ఏడాది తర్వాత దాని బ్రిటన్ విభాగమే ప్రకటించింది.