గాంబియాలో చట్టం ఊరికే నిలవలేదు

ఆడపిల్లల జననాంగాలను కోసే ఆచారాన్ని పశ్చిమాఫ్రికాలోని చిన్న దేశం గాంబియా 2015లో నిషేధించింది. ఆ నిషేధాన్ని ఎత్తేయాలన్న బిల్లు 2024 మార్చి 18న పార్లమెంటులో ఓటుకొచ్చింది. ముందుకు పంపుదామన్నవాళ్లు 42 మంది, వద్దన్నవాళ్లు నలుగురే. 58 మంది సభ్యుల్లో ఆడవాళ్లు అయిదుగురు. అయినా నాలుగు నెలలు తిరక్కుండానే, జులై 15న, అదే సభ ఆ బిల్లును తోసిపుచ్చింది. ఈ రెండు ఓట్ల మధ్య నడిచిన కథ తెలియకపోతే ఆఫ్రికా మహిళా ఉద్యమాల గురించి మనకున్న అపోహలు అలాగే ఉండిపోతాయి.

అపోహ: స్త్రీల హక్కులు ఆఫ్రికాకు తెల్లవాళ్లు నేర్పిన పాఠం.

వాస్తవం: ఆఫ్రికా ఆడవాళ్లు తెల్లదొరలనే నిలదీశారు. 1929 నవంబరులో ఆగ్నేయ నైజీరియాలోని ఒలోకో అనే ఊళ్లో న్వాన్యెరువా అనే ఆవిడ పామాయిల్ తీసుకుంటోంది. లెక్కల మనిషి వచ్చి మేకలెన్ని, గొర్రెలెన్ని, మనుషులెందరని అడిగాడు. నీ తల్లిని ఎవరైనా లెక్కపెట్టారా అని ఆవిడ ఎదురడిగింది. ఆడవాళ్ల మీద కూడా పన్ను వేస్తారన్న అనుమానంతో వేలమంది కదిలారు. బ్రిటిష్ ప్రభుత్వం నియమించిన వారంటు చీఫుల ఇళ్లముందు బైఠాయించి, ఎగతాళి పాటలు పాడుతూ, అధికార చిహ్నమైన టోపీ తీసిచ్చెయ్యమన్నారు. కాల్పుల్లో యాభై మందికి పైగా మహిళలు చనిపోయారు. వీళ్లకి ఎవరు పాఠం చెప్పినట్టు?

అపోహ: జననాంగాల కోత ఇస్లాం ఆదేశం, పైగా ఆఫ్రికాకే పరిమితం.

వాస్తవం: రెండూ తప్పే. 2006లో కైరోలోని అల్-అజ్‌హర్‌లో సమావేశమైన ఇస్లామిక్ పండితులు దీనికి మతాధారం లేదని ప్రకటించారు. ఈజిప్టు కాప్టిక్ క్రైస్తవుల్లోనూ ఈ ఆచారం ఉంది. ఇండోనేషియాలో ఉంది. మనదేశంలో దావూదీ బోహ్రాల్లోనూ ఉంది, దీన్ని ఆపడానికి ఇక్కడ ప్రత్యేక చట్టం కూడా లేదు.

అపోహ: చట్టం చేశారంటే పని అయిపోయినట్టే.

వాస్తవం: గాంబియాలో 15 నుంచి 49 ఏళ్ల స్త్రీలలో దాదాపు 73 శాతం మందికి ఈ కోత జరిగింది. చట్టం వచ్చాక తొలి శిక్షలు పడటానికే 2023 దాకా పట్టింది. ముగ్గురు ఆడవాళ్లకు జరిమానా వేస్తే, ఆ సొమ్ము ఒక ఇమామ్ దగ్గరుండి కట్టించాడు. ఆ ఊపులోనే రద్దు బిల్లు వచ్చింది. అప్పుడు ఎదురునిలిచిన వాళ్లలో జాహా డుకురే, ఫాటూ బాల్డే లాంటివాళ్లు ఆ కోతను స్వయంగా అనుభవించినవాళ్లు. ఇంట్లోవాళ్ల దగ్గరే నోరెత్తడానికి సిగ్గుపడే విషయాన్ని దేశమంతా వినేలా చెప్పడానికి ఎంత గుండె కావాలి! బిల్లు ఓడింది. ప్రత్యర్థులు ఊరుకోలేదు, సుప్రీంకోర్టుకెక్కారు.

అపోహ: ఇదంతా విదేశీ నిధుల కోసం నడిచే వ్యవహారం.

వాస్తవం: ధనిక దేశాలిచ్చే అభివృద్ధి సాయంలో మహిళాహక్కుల సంఘాలకు అందేది ఒక శాతం లోపే. అంత కొంచెం కోసం ఎవరు మాత్రం బెదిరింపులు కొనితెచ్చుకుంటారు? పైగా 2025లో అమెరికా తన విదేశీ సాయ సంస్థ యూఎస్‌ఎయిడ్‌నే మూసేసింది. ఇలా ఒకరి దయ మీద ఆధారపడకూడదనే ముగ్గురు ఆఫ్రికన్ మహిళలు కలిసి ఆఫ్రికన్ విమెన్స్ డెవలప్‌మెంట్ ఫండ్‌ను నెలకొల్పారు. 2000లో మొదలైన ఆ సంస్థ ఘనా రాజధాని అక్రా నుంచి ఖండమంతటా మహిళా సంఘాలకు నిధులిస్తోంది.

అపోహ: సాయమంటే కుట్టుమిషన్లు, పాతబట్టలు పంపడం.

వాస్తవం: కష్టకాలంలో సంఘానికి కావలసింది ఆఫీసు అద్దె, కార్యకర్తల జీతాలు, వకీలు ఫీజు, ఊళ్లు తిరగడానికి పెట్రోలు. బెదిరింపులొచ్చిన మనిషి నాలుగు రోజులు తలదాచుకోవడానికి ఒక గది. దాతలేమో పోస్టర్లకీ, సదస్సుల ఫొటోలకీ అయితే ఇస్తామంటారు. మార్చిలో హఠాత్తుగా బిల్లు ఊడిపడితే, వచ్చే ఏడాది ప్రాజెక్టుకని కేటాయించిన డబ్బు ఏ మూలకొస్తుంది? మీరు ఇవ్వదలుచుకుంటే స్థానిక మహిళలే నడిపే సంఘానికి ఇవ్వండి. దేనికి ఖర్చుపెట్టాలో వాళ్లనే తేల్చుకోనివ్వండి. ఒక్కసారి ఇచ్చి మరిచిపోకుండా, వచ్చే ఏడాదీ ఇవ్వండి.