ముందు ప్రాణం, తర్వాత కార్డు

మాది అమీన్‌పూర్. పటాన్‌చెరు వైపు ఫ్యాక్టరీ గేట్ల దగ్గర కాపలా కాసేవారిలో ఒకనాడు సరిహద్దులో కాపలా కాసినవారూ ఉంటారు. పిల్లలు ఉద్యోగాలకని దూరం వెళ్ళాక భార్యాభర్తలిద్దరే ఉండే ఇళ్ళూ ఉంటాయి. అర్ధరాత్రి అలాంటి ఇంట్లో ఆపద వస్తే తలుపు తట్టేది పక్కింటి విద్యార్థినే. అప్పుడు మనకేం తెలియాలి?

మాజీ సైనికులకు, వారిపై ఆధారపడినవారికి 2003 ఏప్రిల్ 1న ఇ.సి.హెచ్.ఎస్. అనే వైద్య పథకం మొదలైంది. మామూలు రోజుల్లో సభ్యులు ముందుగా పాలీక్లినిక్‌కు వెళతారు, అక్కడి డాక్టరు రాసిస్తే పెద్దాసుపత్రికి వెళతారు. చిక్కంతా ఈ అలవాటుతోనే! ప్రాణం మీదికి వచ్చినప్పుడు కూడా చీటీ లేకుండా ఎలా అని కొందరు జంకుతారు. ఆ జంకు అక్కరలేదు. అత్యవసరమైతే దగ్గరున్న ఆసుపత్రికే నేరుగా వెళ్ళొచ్చు. పథకం గుర్తింపు ఉన్నదైతే కార్డు మీద నగదు లేకుండానే వైద్యం చేస్తారు. గుర్తింపు లేనిదైతే 48 గంటల్లోగా పాలీక్లినిక్‌కు కబురు చేయాలి. బిల్లు ముందు మనమే కట్టి, నిర్ణీత రేట్ల ప్రకారం తర్వాత రాబట్టుకోవాలి.

మరి ఫోనులో వైద్యమో? 2021 మే 27న రక్షణ శాఖ సైనికులకు, మాజీ సైనికులకు సేహత్ ఒ.పి.డి. పేరిట వీడియో వైద్య సలహా ప్రారంభించింది. దగ్గుకో, బి.పి. మందు మార్చుకోవడానికో ఇలాంటి సలహా ఎంతో మేలు. కానీ గుండెనొప్పికి, మూతి వంకరపోయి మాట తడబడే పక్షవాతానికి అది చాలదు. తెరమీది డాక్టరు ఇ.సి.జి. తీయలేడు, ఇంజెక్షను ఇవ్వలేడు. మెదడులో రక్తపు గడ్డను కరిగించే మందు సాధారణంగా నాలుగున్నర గంటల్లోపే పడాలి.

అప్పుడు తిప్పవలసింది 108. ఈ సేవ 2005 ఆగస్టు 15న మన హైదరాబాదులోనే మొదలైంది. దూరం నుంచి అందే అత్యవసర వైద్యం అంటే నిజానికి ఇదే. బండిలోని టెక్నీషియనుకు కేంద్రంలోని డాక్టరు ఫోనులో దారి చూపుతాడు. మనం చేయవలసిందల్లా కాలనీ పేరు, దగ్గరి గుడో బడో గుర్తు చెప్పి, వాళ్ళు చెప్పినట్టు చేయడమే.

మిత్రులారా! ఈ సెలవుల్లో మీ వీధిలోని ఒక్క మాజీ సైనికుని ఇంటికి వెళ్ళండి. కార్డు నంబరు, వాడే మందులు, పాలీక్లినిక్ ఫోను, దగ్గరలోని గుర్తింపు పొందిన ఆసుపత్రి పేరు ఒక కాగితం మీద పెద్ద అక్షరాలతో రాసి, తలుపు వెనకాల అంటించి రండి. అన్నిటికన్నా పైన మాత్రం 108 అని రాయండి.