డీఎల్ఎల్ మిస్సింగా? కంగారొద్దు!

రేపు పొద్దున పదింటికి ఆన్‌లైన్ కోడింగ్ టెస్ట్. రాత్రి ఆ టెస్ట్ సాఫ్ట్‌వేర్ ఇన్‌స్టాల్ చేసి ఓపెన్ చేస్తే... 'వీసీరన్‌టైమ్140.డీఎల్ఎల్ వాజ్ నాట్ ఫౌండ్' అంటూ ఓ బాక్స్. ఓకే కొడితే బాక్స్‌తో పాటు ప్రోగ్రామూ మాయం! ఫైనలియర్‌లో నాకు ఇదే జరిగింది. కంగారులో ఆ పేరు వెతికి, ముందు కనిపించిన ఏదో సైట్ నుంచి ఫైల్ దించేశాను. ఎర్రర్ పోలేదు సరికదా, స్క్రీన్ నిండా యాడ్సే. టెస్ట్ చేజారింది. మీకలా జరక్కూడదు.

అసలేంటిది?

డీఎల్ఎల్ అంటే డైనమిక్ లింక్ లైబ్రరీ. చాలా ప్రోగ్రాములకు ఉమ్మడిగా కావాల్సిన కోడ్ ఉండే ఫైల్. హాస్టల్లో ఒకే ఇస్త్రీపెట్టెను అన్ని గదులవాళ్లూ వాడుకున్నట్టన్నమాట. స్థలం ఆదా అవుతుంది. కానీ ఆ పెట్టె పాడైతే అందరికీ ఇబ్బందే! 1990ల్లో కొత్త ప్రోగ్రామ్ వేస్తే అది ఉమ్మడి ఫైల్‌ను మార్చేసి, పాత ప్రోగ్రామ్ ఆగిపోయేది. ఆ తలనొప్పికే 'డీఎల్ఎల్ హెల్' అని పేరొచ్చింది.

ముందు మెసేజ్ చదవండి

* 'నాట్ ఫౌండ్': ఫైల్ లేదు. ఏదైనా అన్‌ఇన్‌స్టాల్ చేసినప్పుడు పోయి ఉండొచ్చు, యాంటీవైరస్ పక్కన పెట్టి ఉండొచ్చు.
* 'ఎంట్రీ పాయింట్ నాట్ ఫౌండ్': ఫైల్ ఉంది, కానీ ప్రోగ్రామ్ అడిగే ఫంక్షన్ అందులో లేదు. చాలాసార్లు వెర్షన్ తేడానే కారణం.
* '0ఎక్స్‌సీ000007బీ': 32 బిట్, 64 బిట్ ఫైళ్లు కలగాపులగమయ్యాయి, లేదా ఫైల్ పాడైంది.

ఇలా సరిచేయండి

1. సిస్టమ్ రీస్టార్ట్ చేసి, ఆ ప్రోగ్రామ్‌నే మళ్లీ ఇన్‌స్టాల్ చేయండి.
2. పోయింది వీసీరన్‌టైమ్140 లేదా ఎంఎస్‌వీసీపీ140 అయితే, మైక్రోసాఫ్ట్ అధికారిక సైట్ నుంచి విజువల్ సీ ప్లస్ ప్లస్ రీడిస్ట్రిబ్యూటబుల్ వేయండి. 64 బిట్ విండోస్‌లోనూ 32 బిట్ ప్రోగ్రాములు నడుస్తాయి కాబట్టి ఎక్స్86, ఎక్స్64 రెండూ ఉండటం మేలు.
3. విండోస్ సొంత ఫైళ్లే పాడైతే, కమాండ్ ప్రాంప్ట్‌ను అడ్మినిస్ట్రేటర్‌గా తెరిచి ముందు డీఐఎస్ఎమ్ రీస్టోర్‌హెల్త్, తర్వాత ఎస్ఎఫ్‌సీ స్కాన్‌నౌ కమాండ్లు నడపండి.
4. ఊరూపేరూ లేని సైట్ల నుంచి విడి డీఎల్ఎల్ దించొద్దు. అందులో ఏ కోడ్ ఉందో మీకు తెలీదు. మీ ప్రోగ్రామ్ మాత్రం దాన్ని నమ్మి నడిపేస్తుంది.

ఇంటర్వ్యూలోనూ పనికొస్తుంది

'స్టాటిక్, డైనమిక్ లింకింగ్‌కు తేడా ఏంటి?' ఫ్రెషర్లను అడిగే ప్రశ్నే. స్టాటిక్‌లో లైబ్రరీ కోడ్ ప్రోగ్రామ్‌లోనే కలిసిపోతుంది. సైజు పెరుగుతుంది, కానీ బయటి ఫైల్ కోసం చూడక్కర్లేదు. డైనమిక్‌లో ప్రోగ్రామ్ నడిచేటప్పుడు లైబ్రరీని వెతుక్కుంటుంది. లైబ్రరీలో లోపం సరిచేస్తే దాన్ని వాడే ప్రోగ్రాములన్నింటికీ లాభం. లినక్స్‌లో వీటినే ఎస్ఓ ఫైళ్లంటారు. ఏ ప్రోగ్రామ్‌కు ఏవి కావాలో ఎల్‌డీడీ కమాండ్ చూపిస్తుంది.

తర్వాత ఓ ఇంటర్వ్యూలో నన్నూ ఈ ప్రశ్నే అడిగారు. పుస్తకం డెఫినిషన్‌తో ఆగకుండా, ఆ రాత్రి నేను చేసిన పొరపాటు, అసలు కారణం వివరంగా చెప్పాను. ప్యానెల్ ఆసక్తిగా వింది. మీరు మాత్రం ఆ పాఠం కోసం టెస్ట్ పోగొట్టుకోకండి. రెండ్రోజుల ముందే సాఫ్ట్‌వేర్ ఓపెన్ చేసి చూసుకోండి!