మూడో బాణం ఎటు చూడాలి?

కాగితం మీద త్రిభుజం గీసి, మూలకో బాణం పెట్టండి. షరతు ఒక్కటే: ప్రతి బాణమూ పక్కదానికి ఎదురు దిక్కే చూడాలి. మొదటిది పైకి, రెండోది కిందికి. మరి మూడోది? పైకి చూస్తే మొదటిదానితో పేచీ, కిందికి చూస్తే రెండోదానితో. ముందు నుయ్యి, వెనక గొయ్యి. చతురస్రంలో ఈ బాధ లేదు. ఆకారం తెచ్చిపెట్టిన ఈ ఇరకాటాన్నే భౌతిక శాస్త్రంలో ఫ్రస్ట్రేషన్ అంటారు. పైకీ కిందికీ మాత్రమే తిరగగల బాణాలను ఇలా త్రిభుజాలుగా పేరిస్తే, ఎంత చల్లబరిచినా ఒక్క అమరికకు రావని 1950లో వానియర్ లెక్కగట్టి చూపాడు.

ఈ తగువు నిజం రాతిలో ఉంటుందా? ఉంటుంది. డెలాఫొసైట్ అనే నల్లని ఖనిజాన్ని 1873లో ఫ్రీడెల్ గుర్తించి, ఫ్రెంచి స్ఫటిక శాస్త్రవేత్త డెలఫోస్ పేరు పెట్టాడు. రాగి, ఇనుము, ఆక్సిజన్ కలిసిన ఆక్సైడ్ అది. పొరలు పొరలుగా ఉంటుంది. అయస్కాంత గుణమంతా ఇనుముదే; మన బాణాలంటే ఇనుము పరమాణువుల అయస్కాంత దిక్కులే. రాగి పొరల మధ్య అడ్డుగోడ, అంతే. ఒక్కో పొరలో ఇనుము పరమాణువులు త్రిభుజాలుగా కూర్చుంటాయి.

వాటి మధ్య బలాన్ని బట్టి చూస్తే 90 కెల్విన్ల దగ్గరే సర్దుకోవాలి. కానీ 14 కెల్విన్ల దాకా, అంటే సుమారు మైనస్ 259 డిగ్రీల దాకా తేల్చుకోవు. 11 దగ్గర రెండు పైకి, రెండు కిందికి అని ఎలాగో రాజీపడతాయి.

ఈ అయస్కాంత తగువులోంచి విద్యుత్ గుణమూ పుడుతుంది. ఎలాగంటారా? 2006లో కిమురా బృందం ఈ స్ఫటికాన్ని బలమైన అయస్కాంత క్షేత్రంలో పెట్టింది. సుమారు 7 టెస్లాలు దాటగానే (ఆసుపత్రి ఎమ్మారై యంత్రం మామూలుగా 1.5 లేదా 3) రాజీ చెదిరి స్ఫటికం విద్యుత్ ధ్రువణం చూపింది. అక్కడ బాణాలు మరమేకు గాడిలా మెలితిరుగుతూ పోతాయి. మరమేకుకు కుడివాటం, ఎడమవాటం ఉంటాయి కదా, దీనికీ అంతే. ఇనుము, ఆక్సిజన్ పంచుకునే ఎలక్ట్రాన్లు బాణం దిక్కును బట్టి పిసరంత జరుగుతాయి. మెలిక వెంట ఆ జరుగుబాటు కూడుకుని, ఒక కొస ధనం, ఇంకో కొస రుణం. వాటం మారితే ధ్రువాలూ మారతాయి.

నాకు బాగా నచ్చిన ముక్క ఇంకోటుంది. నూరు ఇనుము పరమాణువుల్లో రెండింటిని తీసి, అయస్కాంత గుణం లేని అల్యూమినియం పెడితే చాలు, బయటి క్షేత్రం లేకుండానే మెలిక పుడుతుంది. తగువులో ఇద్దరు తప్పుకుంటే మిగతావాళ్లు దారి మార్చినట్టు!

ఇది ఫోన్ మెమరీలోకి వస్తుందా అంటారా? ద్రవ హీలియంతో చల్లబరిస్తే తప్ప ఈ మెలిక నిలవదు. ఈ ఖనిజంతో మాత్రం రాదు.