షెల్టర్ నుంచి పిల్లిని తెచ్చుకుంటున్నారా? మీకు తెలుసా...

వేలు పోసి పర్షియన్ పిల్లిని కొనే బదులు, జంతు సంరక్షణ కేంద్రంలో ఉన్న నాటు పిల్లిని దత్తత తీసుకుని ఫ్లాట్‌లో పెంచుకోవాలనుకోవడం మంచి ఆలోచన. ఆ ప్రాణి నైజం ముందే తెలిస్తే, నెల తిరక్కుండా దాన్ని వెనక్కి పంపే పరిస్థితి రాదు.

• లండన్‌లో బ్రిటన్ ప్రధాని ఉండే 10, డౌనింగ్ స్ట్రీట్‌లో ఎలుకలు పట్టే ఉద్యోగం చేసే లారీ షెల్టర్ పిల్లే. బాటర్సీ కేంద్రం నుంచి 2011లో తెచ్చారు. కామెరాన్ మొదలు స్టార్మర్ దాకా ఆరుగురు ప్రధానులను చూసింది. వచ్చేనాటికే దానికి నాలుగేళ్లు. షెల్టర్‌కి వెళ్లిన వాళ్లందరి చూపూ కూనల మీదే పడుతుంది. కానీ కూన పెరిగి ఎలాంటిదవుతుందో ఎవరూ చెప్పలేరు. పెద్ద పిల్లి సాధువో పెంకిదో అక్కడి సిబ్బందికి ముందే తెలుసు. మొదటిసారి పెంచేవాళ్లకు పెద్దదే మేలని నా అభిప్రాయం.

• మన దగ్గరా ఇలాంటి షెల్టర్లు కొత్త కాదు. బ్లూ క్రాస్ ఆఫ్ హైదరాబాద్‌ను అక్కినేని అమల 1992లో మొదలుపెట్టారు.

• పిల్లి కళ్లు మూసుకుని పాలు తాగుతుందని సామెత చెప్పుకుంటాం గానీ, ఎదిగిన పిల్లుల్లో చాలావాటికి పాలు అరగవు, విరేచనాలవుతాయి. తీపి రుచి అసలే తెలియదు. దాన్ని పసిగట్టే జన్యువు పిల్లిజాతిలో పనిచేయదని 2005లో తేలింది. ఇంతకన్నా ముఖ్యమైనది టారిన్. మాంసంలో, చేపల్లో దొరికే ఈ పదార్థాన్ని పిల్లి ఒళ్లు తనకు చాలినంత తయారు చేసుకోలేదు. అది చాలకపోతే చూపు పోతుంది, గుండె కండరం బలహీనపడుతుంది. కాబట్టి పెరుగన్నంతో పిల్లిని పెంచలేం. మాంసం గడప తొక్కనివ్వని ఇళ్లవాళ్లు ఈ సంగతి తేల్చుకున్నాకే షెల్టర్ వైపు నడవాలి. ఉల్లి, వెల్లుల్లి తగిలిన కూర ముక్కలు పెట్టకూడదు. జ్వరమొచ్చిందని పారాసిటమాల్ ఎంతమాత్రం వేయకండి. ఒక్క మాత్రే ప్రాణం తీయగలదు.

• కొత్త ఇంటికి రాగానే పిల్లి మంచం కిందో బీరువా వెనకో దూరుతుంది. మనమంటే ఇష్టం లేక కాదు, భయం. నెదర్లాండ్స్‌లోని ఉట్రెక్ట్ విశ్వవిద్యాలయం వాళ్లు 2014లో షెల్టర్‌కి కొత్తగా వచ్చిన కొన్ని పిల్లులకు దాక్కోవడానికి పెట్టెలిచ్చి చూశారు. పెట్టెలు లేనివాటికన్నా అవే త్వరగా కుదుటపడ్డాయి. మీరూ ఒక గదిలో అట్టపెట్టె పెట్టి వదిలేయండి, చేయి పెట్టి బయటికి లాగకండి. ఒక్కటి మాత్రం గమనించాలి. రెండు మూడు రోజులు ఏమీ తినకపోతే పిల్లి కాలేయంలో కొవ్వు పేరుకుని ప్రాణం మీదికి వస్తుంది. అంతవరకూ ఆగకుండా, ఒక రోజంతా ముద్ద ముట్టకపోతే వెటర్నరీ డాక్టర్‌కి చూపించండి.

• పిల్లి ఎంత ఎత్తు నుంచి పడినా కాళ్ల మీదే నిలబడుతుంది, దానికేమీ కాదనుకుంటాం. న్యూయార్క్‌లో మేడల మీంచి పడి ఆసుపత్రికి చేరిన 132 పిల్లుల గురించి 1987లో ఇద్దరు డాక్టర్లు రాశారు. తొంభై శాతం బతికాయి, నిజమే. కానీ దవడలు పగిలి, ఊపిరితిత్తులు దెబ్బతిని బతికినవి ఎన్నో. మన బాల్కనీలకు పావురాల కోసం కట్టే పలచటి నైలాన్ వలను పిల్లి కొరికి తెంపగలదు. ఇనుప జాలీ బిగించాకే పిల్లిని తీసుకురండి.

• ఇంట్లో ఎవరైనా కడుపుతో ఉంటే పిల్లిని వదిలేయమంటారు. భయం టాక్సోప్లాస్మా అనే పరాన్నజీవి గురించి. పిల్లి మలంలో పడ్డాక అది సోకే స్థితికి రావడానికి కనీసం ఒక రోజు పడుతుంది. పిల్లి మలవిసర్జన చేసే ట్రేని రోజూ ఇంకొకరు శుభ్రం చేస్తూ, పిల్లికి పచ్చిమాంసం పెట్టకుండా ఇంట్లోనే ఉంచితే ముప్పు చాలా తక్కువ. సరిగా ఉడకని మాంసం వల్లా, కడగని కూరల వల్లా వచ్చే ముప్పే ఎక్కువ.

• మూడు రంగుల పిల్లి దాదాపు ఎప్పుడూ ఆడదే.

• ఆడపిల్లి నాలుగైదు నెలల వయసుకే చూలు కట్టగలదు. రెండు నెలలకే ఈనుతుంది. పిల్లలు పుట్టకుండా ఆపరేషన్, రేబిస్ టీకా అయ్యాయో లేదో షెల్టర్‌లోనే అడగండి. కాకపోతే ఆ ఖర్చు మీదే.

• పిల్లి వైపు చూస్తూ నెమ్మదిగా కళ్లు మూసి తెరిస్తే అది దగ్గరికి వచ్చే అవకాశం పెరుగుతుందని ఇంగ్లండ్‌లోని ససెక్స్ విశ్వవిద్యాలయం పరిశోధన 2020లో చెప్పింది.

• నల్ల పిల్లి ఎదురొస్తే మనం ఆగిపోతాం. బ్రిటన్‌లో చాలామంది దాన్నే శుభశకునమంటారు. ఆ రంగులో మంచీ లేదు, చెడూ లేదు.

ఇంటిపట్టున ఉండే పిల్లి పదిహేనేళ్లు బతకగలదు. ఆ పదిహేనేళ్లకు ఇంట్లో అందరూ సరేనంటే, ఒక ఆదివారం షెల్టర్‌కి వెళ్లండి. కూనల గది దాటి పెద్ద పిల్లుల దగ్గర ఓ గంట కూర్చోండి. కలిసి పెరిగిన జంట ఉంటే విడదీయకుండా రెండింటినీ తెచ్చుకోండి.