కార్డు లేని ఇంటికి బీమాయే ఆరోగ్యశ్రీ!

‘మనకేం జబ్బులున్నాయని? ఏటా వేలకు వేలు ప్రీమియం కట్టడం దండగ’... ఆరోగ్య బీమా మాటెత్తితే చాలా ఇళ్లలో వచ్చే జవాబిది. అదే ఇంట్లో ఒకరికి గుండెకు స్టెంటు వేయాల్సి వస్తే, పిల్ల పెళ్లికని దాచిన ఫిక్స్‌డ్ డిపాజిట్ కరిగిపోతుంది. చాలకపోతే బంగారం తాకట్టుకెళ్తుంది. 2021-22 జాతీయ ఆరోగ్య లెక్కల ప్రకారం దేశంలో వైద్యానికైన మొత్తం ఖర్చులో 39.4 శాతాన్ని జనం నేరుగా తమ జేబులోంచే పెట్టుకున్నారు. అలాగని ఆరోగ్య బీమా అందరూ కొనాల్సిందేనా? ముందు మనకున్న అండ ఏమిటో చూసుకోవాలి.

అండ ఎవరికుంది?

ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2007లో మొదలైన ఆరోగ్యశ్రీ పేదలకు కార్పొరేట్ వైద్యాన్ని అందుబాటులోకి తెచ్చింది. తెలంగాణలో 2023 డిసెంబరులో ఆ పథకం కింద వైద్య ఖర్చు పరిమితిని రూ.10 లక్షలకు పెంచారు. 70 ఏళ్లు నిండినవారికి ఆదాయంతో నిమిత్తం లేకుండా రూ.5 లక్షల వరకు వైద్యమందించేలా 2024లో కేంద్రం ఆయుష్మాన్ భారత్‌ను విస్తరించింది. రూ.21 వేలలోపు జీతమున్న కార్మికులకు ఈఎస్ఐ ఉంది. వీరు ఉన్న కార్డును సరిచూసుకుంటే చాలావరకు గట్టెక్కుతారు. అయితే ఆరోగ్యశ్రీ జాబితాలోని చికిత్సలకే వర్తిస్తుందని గుర్తుంచుకోవాలి.

నలిగేది మధ్యతరగతే

చిన్న దుకాణదారు, సొంతంగా ట్యూషన్లు చెప్పుకునే మాస్టారు... వీళ్ల సంపాదన రేషన్ కార్డుకు ఎక్కువ, ఆసుపత్రి బిల్లుకు తక్కువ. కంపెనీ పాలసీ ఉందన్న ధైర్యమూ ఉద్యోగం ఉన్నంతవరకే. నలభై అయిదేళ్లకు బీపీ, షుగర్ వచ్చాక సొంత పాలసీకి వెళితే ప్రీమియం పెరుగుతుంది. అప్పటికే ఉన్న జబ్బులకు మూడేళ్ల దాకా క్లెయిమ్ రాకపోవచ్చు. అందుకే ఆరోగ్యంగా ఉన్నప్పుడే తీసుకోవాలి. 2025 సెప్టెంబరు 22 నుంచి వ్యక్తిగత, కుటుంబ పాలసీలపై 18 శాతం జీఎస్టీ కూడా తీసేశారు.

సంతకానికి ముందు...

* ఉన్న జబ్బు దాచొద్దు. ప్రీమియం తగ్గుతుందని షుగర్ సంగతి చెప్పకపోతే, తీరా అవసరమైనప్పుడు క్లెయిమ్ తిరస్కరించొచ్చు.
* గది అద్దె పరిమితి చూడండి. రోజుకు రూ.5 వేలని ఉన్న పాలసీతో రూ.10 వేల గదిలో చేరితే అద్దెతో పాటు డాక్టరు ఫీజు, ఆపరేషన్ ఛార్జీల్లోనూ కోత పడొచ్చు.
* పాలసీ చేతికొచ్చాక పూర్తిగా చదవండి. నచ్చకపోతే 30 రోజుల్లోపు వెనక్కివ్వచ్చు.
* క్లెయిమ్ అన్యాయంగా తోసిపుచ్చారనిపిస్తే ముందు కంపెనీకి రాతపూర్వకంగా ఫిర్యాదు చేయండి. నెలలోపు న్యాయం జరగకపోతే బీమా అంబుడ్స్‌మన్‌ను ఆశ్రయించండి. హైదరాబాద్‌లో కార్యాలయం ఉంది, ఫీజు అక్కర్లేదు.

ఆరోగ్యశ్రీ, ఈఎస్ఐ కార్డుల్లో ఇంట్లో అందరి పేర్లూ ఉన్నాయో లేదో ఈ ఆదివారమే చూసుకోండి. ఏ కార్డూ లేని ఇల్లయితే మాత్రం బియ్యం, పప్పుల పక్కనే బీమా ప్రీమియాన్నీ ఖర్చుల పద్దులో రాసుకోవాల్సిందే.